కరువులో కాలువ తవ్వించిన క్లౌ దొరగారు



2021వ సంవత్సరము మే నెలలో మా సంఘములో ఒక యౌవనస్థుడు కరోనా వలన ప్రభువునందు నిద్రించాడు. వయస్సు ముప్పయి నాలుగు. ఆటో నడుపుకొని భార్యను, ఇద్దరు పిల్లలను పోషించేవాడు. ఆ దినములలో సమాధి కార్యక్రమమునకు ఎక్కువమందిని రానిచ్చేవారు కారు గనుక మేమూ వెళ్ళలేదు. మూడు వారముల తరువాత ఆ యింటికి వెళ్ళి, గుమ్మము బయటనే నిలబడి ప్రార్థన చేసి, ఇందులో దేవుని ఉద్దేశము ఏదో ఉన్నదనీ అంతయు మేలుకొరకే జరుగుచున్నదనీ చెప్పాము. ముప్పయి ఏండ్లుగా చావు ఇండ్లలో చెబుతున్న మాటే గదా! ఆ బిడ్డ తల ఎత్తి, ఏ మేలో కాస్త చెప్పమని అడిగింది. కోపముగా అడగలేదు. నిజముగా తెలిసికోవాలని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. మళ్ళీ ప్రార్థన చేసి వచ్చేశాము. తరువాత ఆరు నెలలు ఆమె ఆరాధనకు రాలేదు. తప్పు ఆమెది కాదని మాకు ఆ రాత్రే తెలిసింది.

ఆ దినములలో ఇల్లు కదలడానికి లేదు. చేతికి దొరికిన పుస్తకములలో క్లౌ దొరగారి జీవిత చరిత్ర ఉన్నది. తెలుగు బాప్తిస్టులమైన మనకు ఆ పేరు కొత్త కాదు. సండేస్కూలు పిల్లవాడిని లేపి అడిగినా 1878 జులై 3న ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మము అని అప్పజెబుతాడు. మేమూ ఆ సంఖ్య కొరకే ఆ చరిత్ర చదివేవాళ్ళము. ఈసారి సంఖ్యకు ముందున్న రెండు సంవత్సరములు చదివాము. ఆకలితో, కలరాతో జనము రాలిపోతున్నప్పుడు ఆ మనుష్యుడు ఏమి చేశాడు, ఏమి చెప్పాడు, ఏమి చెప్పకుండా ఊరుకున్నాడు అని వెదికాము. ఈ వ్యాసము దానిని గూర్చియే.

జాన్ ఎవరెట్ క్లౌ గారు 1836 జులై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రములో, ఫ్రూస్‌బర్గ్ అను ఊరి దగ్గర జన్మించారు. వారిది సేద్యపు కుటుంబము. ఉన్న ఊరిలో జరుగుబాటు కాక ఇల్లినాయ్‌కు, అక్కడనుండి అయోవాకు తరలి వెళ్ళారు. అనగా వారు కూడా మనవలె వలసవారే. ఆ పిల్లవాడు చిన్న వయస్సులోనే ప్రభుత్వ సర్వే జట్టులో చేరి మిన్నెసోటా అడవులలో భూములు కొలిచే పని నేర్చుకున్నాడు. గొలుసు లాగడము, మట్టము చూడడము, కూలీలతో కలిసి గుడారములో పడుకోవడము అతనికి అలవాటైంది. ఈ సంగతి పాఠకులు మనస్సులో పెట్టుకోవాలి. ఇరవై ఏండ్ల తరువాత ఈ సర్వే విద్యయే వేలమందికి కూడు పెట్టింది.

సర్వే పని వదిలి వకీలు కావాలని బర్లింగ్టన్‌లోని కళాశాలలో చేరాడు. భక్తి విషయము అతనికి పట్టేది కాదు. గదిలో ఉన్న తోటి విద్యార్థి రాత్రిపూట మోకరించి ప్రార్థన చేస్తుంటే సహించలేక, గది మధ్యగా సుద్దముక్కతో గీత గీసి, ప్రార్థన అంతా గీతకు ఆవలివైపునే ఉండాలని హద్దు పెట్టాడట. సర్వే మనిషి కదా, హద్దులు గీయడము బాగా తెలుసు! కొంత కాలమునకు తానే ఆ గీత దాటి రక్షణ పొందాడు. 1861లో హారియెట్ సండర్లండ్ గారిని వివాహమాడి, 1862లో పట్టభద్రుడయ్యాడు.

అప్పటికి తెలుగు మిషను పరిస్థితి ఏమి? క్లౌ గారు పుట్టిన సంవత్సరములోనే శామ్యూల్ డే దొరగారు మన దేశమునకు వచ్చారు. 1840లో నెల్లూరు చేరారు. ఏండ్లు గడిచినా ఫలము కనిపించలేదు. అమెరికాలోని పెద్దలు ఈ మిషనును మూసివేద్దామా అని ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. పటములో ఒంటరిగా ఉన్న చుక్క గనుక దానికి ఒంటరి నక్షత్రము అని పేరు పడింది. 1854 జనవరి 1న తెల్లవారకముందే జ్యూవెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులో కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక సేవకుని పంపుమని ప్రార్థించారు. మనము ప్రార్థన కొండ అని పిలిచేది ఆ కొండనే. జ్యూవెట్ గారు జబ్బుపడి స్వదేశమునకు వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు క్లౌ దంపతులను వెంటబెట్టుకొని వచ్చారు. 1864 నవంబరు 30న బోస్టనులో ఓడ ఎక్కినవారు 1865 ఏప్రిల్‌లో మద్రాసులో దిగారు. 1866 సెప్టెంబరులో క్లౌ గారు ఒంగోలులో కాపురము పెట్టారు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో సంఘము ఏర్పడింది.

ఆయనకు కొంచెము ముందుగానే తలకొండపాడు నుండి యెర్రగుంట్ల పేరయ్య గారు వచ్చి బాప్తిస్మము పొందారు. తోళ్ళ వ్యాపారము చేసే మాదిగ పెద్ద. యోగమార్గములో గురువు అనిపించుకున్నవాడు. పేరయ్య గారు, ఆయన భార్య నాగమ్మ గారు తమవారిలో సువార్త చెప్పి, తరువాత క్లౌ దొరగారిని పిలిపించుకున్నారు. ఆ ఒక్క ప్రయాణములో 28 మందికి బాప్తిస్మము జరిగింది. మన సంఘములకు పునాది దొరలు మాత్రమే వేశారని తలంచేవారు ఈ పేరయ్య గారి సంగతి చదవాలి.

ఇక్కడ ఒక పరీక్ష వచ్చింది. ఒంగోలులోని పై కులముల పెద్దలు క్లౌ గారి దగ్గరకు స్నేహముగా వచ్చేవారు. మాదిగలను చేర్చుకుంటే తాము రామని వారు తేల్చి చెప్పారు. పేరున్నవారిని వదులుకోవడమా, దిక్కులేనివారిని పంపివేయడమా? క్లౌ గారు ఒక గదిలో, హారియెట్ గారు వేరొక గదిలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, బైబిలు తెరిచి మొదటి కొరింథీ పత్రిక 1వ అధ్యాయము 26 నుండి 29 వచనములు చదివారట. ఆ మీదట సందేహము లేకపోయింది. ఆ పెద్దలు రావడము మానుకున్నారు.

చేరిన విశ్వాసులకు క్లౌ గారు మూడు కట్టడలు పెట్టారు. ఆదివారము పని చేయకూడదు, విగ్రహములను పూజించకూడదు, చచ్చిన గొడ్డు మాంసము తినకూడదు. చదువుటకు సులువుగా ఉన్నవి గాని, ఊరిలో వెట్టి చేసేవానికి ఆ మూడూ మూడు కష్టములు. ఆదివారము పనికి రాకపోతే ఆసామికి కోపము. జాతరలో డప్పు కొట్టకపోతే ఊరంతటికీ కోపము. బావి దగ్గరకు రానివ్వకపోవడము, కూలి ఇవ్వకపోవడము, దెబ్బలు కొట్టడము, అబద్ధపు కేసులు, ఇవన్నీ మన పూర్వికులు పడ్డారు. విశ్వాసములోనికి వస్తే కష్టములు తీరునని వారికి ఎవరూ ఆశపెట్టలేదు. వచ్చిన తరువాతనే కష్టములు పెరిగాయి. ఈ మాట ఇప్పటి కొన్ని స్వస్థత సభల ప్రకటనలు చూచేవారికి చేదుగా ఉండవచ్చును.

ఇక కరువు సంగతి. 1876లో వానలు పడలేదు. 1877లోనూ సరిగా పడలేదు. ధాత నామ సంవత్సరములో మొదలైనది గనుక దానిని ధాత కరువు అన్నారు. తమిళనాడులో ఉన్న మన సంఘములవారు ఇరుగుపొరుగు వృద్ధులను అడిగితే ధాతు వరుష పంజము అని నేటికీ చెబుతారు. మైసూరు, బొంబాయి, హైదరాబాదు, మద్రాసు ప్రాంతములన్నియు దానిలో చిక్కుకున్నవి. మూడేండ్లలో చనిపోయినవారు తక్కువలో తక్కువ లెక్కవేసినా 50 లక్షలకు పైగానే.

ఆ కరువు మొదట ఎవరిని పట్టుకున్నది? మాదిగవారు ఊరికి కపిలబానలు, చెప్పులు, పలుపులు చేసి ఇచ్చేవారు. వాటికి డబ్బు ముట్టదు. కోతలప్పుడు కళ్ళములో గింజలు కొలిచి ఇస్తారు. పంట లేకపోతే కళ్ళము లేదు, కళ్ళము లేకపోతే కొలత లేదు. భూమి ఉన్న రైతు కొంతకాలము పాతరలోని గింజలతో బ్రతికాడు. పాతర లేనివాడు మొదటి నెలలోనే వీధిలో పడ్డాడు. గొడ్లు చచ్చినప్పుడు కొన్నాళ్ళు తోళ్ళు దొరికాయి, తరువాత గొడ్లే లేవు. చచ్చిన గొడ్డు తినరాదన్న కట్టడను ఆ దినములలో ఏ యింటివారు ఎట్లు నిలుపుకున్నారో, ఎవరు తప్పిపోయారో మనము తీర్పు తీర్చగూడదు. మనము మూడు పూటలు తిని కూర్చున్నవారము.

దేవుడు ఎందుకు అనుమతించాడు అని అడిగేటప్పుడు ఇంకొక సంగతి మరువకూడదు. వాన కురియకపోవడము మనుష్యుల చేతిలో లేదు. కాని ఆ కాలములోనే ఈ దేశమునుండి ఇంగ్లండుకు గోధుమలు ఓడలలో వెళ్తూనే ఉన్నవి. 1877-78లో వెళ్ళినది 3 లక్షల 20 వేల టన్నులు అని చరిత్రకారులు లెక్క చెప్పారు. 1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో గొప్ప దర్బారు జరిపించాడు. ఆ నెలలోనే సర్ రిచర్డ్ టెంపుల్ అను అధికారి, పని చేసే మగవానికి దినమునకు ఒక పౌను గింజలు, దానిమీద కొద్ది డబ్బు చాలునని కూలి తగ్గించాడు. ఒక పౌను అనగా అరకిలో కూడా కాదు. ఆ తిండితో గడ్డపార ఎత్తగలమేమో మనమే ఆలోచించుకోవాలి. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ దొర దానిని గట్టిగా ఎదిరించి వ్రాశాడు. కొన్ని నెలలకు ఆ కొలత మారింది. ఆ లోపల పోయినవారు పోయారు. వానను ఆపినవాడు దేవుడే అని నెపము వేసేటప్పుడు, గింజలను కొలిచిన చేతులు ఎవరివో కూడా చూడవలెను గదా.

ప్రభుత్వము కరువు పనిగా మద్రాసు నుండి ఉత్తరముగా సముద్రపు ఒడ్డు వెంబడి కాలువ తవ్వించసాగింది. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే దానికి పెట్టారు. చెన్నైలో ఉన్న మనవారికి ఈ కాలువ బాగా తెలుసు. ఇప్పుడు దానిమీద రైలు స్తంభములు నిలబడి ఉన్నవి, నీళ్ళు నల్లగా ఉన్నవి. ముక్కు మూసుకొని దాటే ఆ కాలువలో మన పూర్వికుల చెమట ఉన్నది.

పని జరిగే చోట్లకు మన విశ్వాసులు కూడా వెళ్ళారు. అక్కడ మేస్త్రీలు పై కులములవారు. మాదిగలను తిట్టి, కొట్టి, ఎక్కువ పని చేయించి, కూలి కోసి పంపేవారు. కొందరు తిరిగి వచ్చి ఒంగోలు బంగళా ముందు పడిపోయారు. క్లౌ గారికి అప్పుడు తన పాత విద్య జ్ఞాపకము వచ్చింది. ఇంజనీరు దగ్గరకు వెళ్ళి, ఒంగోలుకు దగ్గరగా ఉన్న కాలువ భాగములో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకున్నారు. మిషనరీ కాంట్రాక్టరు కావడము ఏమిటని నొసలు ముడిచినవారు ఉండియుందురు. ఆయన లాభమునకు తీసుకోలేదు. తన పనిలో మేస్త్రీలు తనవారై ఉంటే బలహీనుడైనవానికి కూడా న్యాయమైన కూలి దొరుకునని తీసుకున్నారు.

రాజుపాలెము అను చోట గుడిసెలు వేయించారు. తాటాకులు, వెదుళ్ళు తెప్పించారు. త్రాగే నీళ్ళకు బావులు తవ్వించారు. మగవారు గడ్డపారలతో తవ్వితే ఆడవారు తట్టలు మోశారు. మన బోధకులే జట్లకు మేస్త్రీలు. ఏ కులమువాడు వచ్చినా పని ఇచ్చారు. వేలమంది వస్తూ పోతూ ఉండేవారు. నడిచి వస్తూ దారిలో చనిపోయినవారు కొందరు, చేరిన తరువాత కలరాతో పోయినవారు కొందరు. 2020లో మనము కండ్లారా చూచిన సంగతి దీనికి దూరమైనది కాదు. నెత్తిమీద మూట, చంకలో బిడ్డ, కాళ్ళకు బొబ్బలు. మా వీధి చివర రహదారిమీద అట్లు నడిచి వెళ్ళినవారికి మేము నీళ్ళు పోశాము.

క్లౌ గారు కాలువ దగ్గర ఏమి బోధించారు అన్నది మాకు ముఖ్యమైన ప్రశ్న. కరువు మీ పాపములకు శిక్ష అని చెప్పించారా? ఇదంతయు మీ మేలుకే అన్నారా? మేము చదివినంతలో అట్టి మాట కనబడలేదు. మధ్యాహ్నము పని ఆపి జనము చెట్ల నీడన, మట్టి గుట్టలమీద కూర్చున్నప్పుడు బోధకులు వారి మధ్య కూర్చొని మాటలాడేవారు. ఎక్కువగా చెప్పినది మత్తయి సువార్త 11వ అధ్యాయము 28వ వచనము. మన పాఠకులకు అది కంఠస్థమే. అది ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు కాదు. బరువు మోయువారికి ఒక పిలుపు. నెత్తిన మట్టి తట్ట దించి కూర్చున్న ఆడమనిషికి ఆ వచనమునకు వ్యాఖ్యానము అవసరము లేకపోయింది.

యోబు స్నేహితులు వచ్చి ఏడు దినములు నేలమీద ఊరక కూర్చున్నారు. నోరు తెరిచిన తరువాతనే తప్పు మాటలు మొదలైనవి. సిలోయములో గోపురము పడి చనిపోయిన పదునెనిమిదిమందిని గూర్చి లూకా సువార్త 13వ అధ్యాయములో ప్రభువు చెప్పినది కూడా ఇక్కడ చదువుకోవచ్చును. చనిపోయినవారు మిగిలినవారికంటె పాపులని ఎంచవద్దని ఆయన స్పష్టముగా చెప్పారు, గోపురము ఎందుకు పడినదో మాత్రము చెప్పలేదు. ఇవన్నీ మేము అనేకసార్లు బోధించిన వాక్యభాగములే. ఆ యింటి గుమ్మము ముందు నిలబడినప్పుడు ఒక్కటీ జ్ఞాపకము రాలేదు.

ఇప్పుడు క్లౌ గారు చేసిన ఇంకొక పని. కాలువ పని జరుగుచుండగా, దాని తరువాతను, వేలమంది బాప్తిస్మము అడిగారు. ఆయన ఇవ్వలేదు. 1877 మార్చి నుండి 1878 జూన్ వరకు, అనగా పదిహేను నెలలు, ఒంగోలులో ఒక్కరికి కూడా బాప్తిస్మము ఇవ్వలేదు. కారణము అందరికీ తెలిసినదే. తన చేతినుండి కూలి పుచ్చుకుంటున్నవాడు కూటికొరకు అడుగుతున్నాడో, క్రీస్తు కొరకు అడుగుతున్నాడో అతనికే తెలియకపోవచ్చును. ఆకలిగొన్న మనిషిని అట్టి ఇరకాటములో పెట్టకూడదని ఆయన ఆగారు. కూడు చూపించి మతము మార్చారు అనే మాట మన పిల్లలు నేటికీ కళాశాలలలో, ఆఫీసులలో వింటున్నారు. వారికి 2,222 అనే సంఖ్యతోపాటు ఈ పదిహేను నెలల సంగతి కూడా నేర్పించాలి. సహాయము పొందినవాని మనస్సులో కృతజ్ఞత ఎంత, విశ్వాసము ఎంత అని కాటా వేసి చూపడము ఎవరి తరమూ కాదు, అది నిజమే. అయినను ఆపగలిగినంత కాలము ఆపిన మనుష్యుడు ఆయన.

1878లో లండనునుండి వచ్చిన కరువు నిధి సొమ్మును విత్తనములకు, ఎడ్లకు పంచిపెట్టడములో క్లౌ గారు కొంతకాలము పని చేశారు. ఆ సొమ్ము అయిపోయింది. ఇక సహాయము లేదని చెప్పుటకు జూన్ 16న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి బోధకులను రమ్మన్నారు. క్రొత్తవారిని తీసికొని రావద్దని కబురు పెట్టారు. అయినను జనము విరగబడి వచ్చారు. ఆయన ఎత్తయిన చోట నిలబడి, ఇవ్వడానికి తన దగ్గర ఏమియు లేదు, ఇండ్లకు వెళ్ళమని చెప్పారు. వారు కదలలేదు. డబ్బు అడగడానికి రాలేదని, మరల కరువు వచ్చి చచ్చినా క్రైస్తవులుగా చస్తామని చెప్పి, గడ్డపారలు పట్టి కాయలు కాచిన చేతులు చూపించారు. ఆయన పక్కకు వెళ్ళి ప్రార్థించి, బోధకులతో ఆలోచించి, చివరకు సరే అన్నారు.

ఒక్కొక్కరిని పరీక్షించి, పేర్లు వ్రాసికొని, జులై 2న 614 మందికి, 3న 2,222 మందికి, 4న 700 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మము ఇచ్చారు. మూడు దినములకు 3,536. ఒక్క దినములో అంతమందికి ఎట్లు సాధ్యమని సందేహించేవారు ఉన్నారు. లెక్కలు చెప్పిన మాస్టరుగా మేము ఒకసారి కాగితముమీద వేసి చూచాము. ఇద్దరు బోధకులు ఒకేసారి నీటిలో నిలబడ్డారు, అలసినప్పుడు వేరే ఇద్దరు దిగారు, మొత్తము ఆరుగురు. ఉదయము ఆరు నుండి పదకొండు వరకు, మధ్యాహ్నము రెండు నుండి ఏడు వరకు అనుకుంటే పది గంటలు. ఒక్కొక్కరికి అర నిమిషము పైగా వస్తుంది. తొందర లేకుండానే సరిపోతుంది. క్లౌ గారు ఆ దినమున నీటిలోనికి దిగలేదు. బాప్తిస్మము ఇచ్చినవారందరూ మన తెలుగు బోధకులే. ఆ సంవత్సరాంతమునకు చేరినవారు తొమ్మిది వేలు దాటారు.

ఈ చోటనే మన జూబిలీ సభలలో ఒక మాట వినబడుతుంది. సంఘము వర్ధిల్లాలని దేవుడు ఆ కరువు పంపాడు అంటారు. మేమూ వేదికలమీద చెప్పాము, చప్పట్లు కూడా కొట్టారు. ఇప్పుడు చెప్పము. చనిపోయిన 50 లక్షలమంది మన లెక్కల పుస్తకము నిండడానికి చనిపోయారా? రాజుపాలెము గుడిసెలలో, గుండ్లకమ్మ దాకా రాకముందే కలరాతో పోయిన తల్లికి, ఆమె బిడ్డకు మనము ఆ మాట ముఖముమీద చెప్పగలమా? దేవుడు ఆ కరువులో పని చేశాడని నమ్ముతాము. ఆ నమ్మకము లేకపోతే ఈ వ్యాసము వ్రాయము. కరువును ఆయన లాభముకొరకు చేసిన బేరము అనడము వేరు. ఆ తేడా గుర్తించడానికి మాకు అరవై ఏండ్లు పట్టింది.

తరువాతి సంగతులు క్లుప్తముగా. ఒంగోలు సంఘము ప్రపంచములోకెల్ల పెద్ద బాప్తిస్టు సంఘము అనిపించుకున్నది గాని, వందల గ్రామములలో చెల్లాచెదురుగా ఉన్న అంతమందికి నేర్పించే ఉపాధ్యాయులు లేరు. చేర్చుకున్నంత వేగముగా నేర్పించలేకపోయారు అన్న విమర్శ ఉన్నది, అది న్యాయమైనదే. అందుకొరకే క్లౌ గారు అమెరికా వెళ్ళి సొమ్మును, మనుష్యులను అడిగి తెచ్చారు. రామాపట్నము వేదాంత పాఠశాలకు మూలధనము సమకూర్చడములోను, ఒంగోలు బడుల విషయములోను ఆయన కష్టము చాలా ఉన్నది. హారియెట్ గారు మరణించిన తరువాత 1894లో ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని వివాహమాడారు. పేరయ్య గారి వంటి మాదిగ పెద్దల జీవితములను వారి నోటనే విని గ్రంథస్థము చేసినది ఆ తల్లియే. క్లౌ గారు 1910 నవంబరులో అమెరికాలోని రోచెస్టరు పట్టణములో ప్రభువునందు నిద్రించారు. ఆయన చెప్పిన జీవిత వృత్తాంతమును ఎమ్మా గారు 1914లో అచ్చు వేయించారు.

మా సంఘములోని ఆ సహోదరి సంగతి కూడా చెప్పాలి. ఆమె తిరిగి ఆరాధనకు వచ్చింది. మేము చెప్పిన దేనివల్లనూ కాదు. స్త్రీల సమాజమువారు నెలనెలా బియ్యము, నూనె ఇంటికి చేర్చారు. ఆటో మీద ఉన్న అప్పు విషయములో ఇద్దరు యౌవనస్థులు ఫైనాన్సు ఆఫీసు చుట్టూ తిరిగారు. వృద్ధురాలైన ఒక సహోదరి ప్రతి సాయంత్రము వెళ్ళి, ఏమీ మాటలాడకుండా ఆమెతో కూర్చొని కూరగాయలు తరిగేది. మేము ఒకనాడు వెళ్ళి, ఆ దినము గుమ్మములో అన్నమాటకు క్షమించమని అడిగాము. ఆమె టీ పెట్టి ఇచ్చింది. ఆమె ప్రశ్నకు మా దగ్గర నేటికీ జవాబు లేదు, ఆమె మళ్ళీ అడగనూ లేదు.

2024 జనవరిలో బంధువుల పెండ్లికి ఒంగోలు వెళ్ళవలసి వచ్చింది. ఆమె పెద్ద కుమారుడు తొమ్మిదవ తరగతి చదువుచున్నాడు. సెలవులు గనుక తీసికొని వెళ్ళాము. ప్రార్థన కొండ చూచిన తరువాత ఆటో మాట్లాడుకొని తూర్పుగా కాలువ గట్టుకు వెళ్ళాము. గట్టునిండా సర్కారు తుమ్మ. నీళ్ళు అడుగున కొద్దిగా ఉన్నవి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఈ కాలువ సముద్రపు నీటిని తనలోనికి తీసుకొని, పెదగంజాము మొదలుకొని చెన్నై వరకు ఎందరో జాలరివారి ప్రాణములు కాపాడిందని తరువాత పరిశీలించినవారు చెప్పారు. తవ్వినవారికి ఆ సంగతి తెలియదు. వారు ఆ పూట కూలికొరకు తవ్వారు. పిల్లవానికి ఇది చెబితే, చేత్తో తవ్వారా, మిషను లేదా అని రెండుసార్లు అడిగాడు. చేత్తోనే అన్నాము. చెప్పులు విడిచి గట్టు దిగి, బురదలో మోకాళ్ళ దాకా నిలబడి, ఇరుపక్కల గట్ల ఎత్తు కాసేపు చూచాడు. గుడిసెలు ఏ వైపున ఉండేవని అక్కడినుండి కేక వేశాడు. మాకు సరిగా తెలియక, తుమ్మచెట్ల వైపు చేయి చూపాము. వాడు ఆ వైపు నడిచాడు. రైలుకు ఇంకా రెండు గంటలు ఉన్నది గనుక మేము గట్టుమీద కూర్చున్నాము.